దారం లేని గాలిపటం

మా చెల్లెలి అత్తవారి వూరు ఏర్గట్ల. ఆ వూళ్ళో రైలెక్కని వారు యిప్పటికీ కనబడతారు గాని, విమానం ఎక్కిన మనిషి ఒక్కడైనా లేని వాడ కనబడడం కష్టం. తెలుగు పాఠాలు చెప్పుకొనేవాణ్ణి గనుక అతిశయోక్తి అలంకారం వాడానని అనుకోకండి. నిజామాబాదు జిల్లాలో ఆ వైపు పల్లెలన్నిటిదీ యించుమించు యిదే కథ. మగవాళ్ళు దుబాయికో, మస్కటుకో, కువైటుకో పోతారు. రెండేండ్లకో మూడేండ్లకో వస్తారు. నెల తిరక్కుండా మళ్ళీ పోతారు. అందుచేత అక్కడి పిల్లలకు విమానమంటే రామాయణంలోని పుష్పకం కాదు. బాపును తీసుకుపోయిన బండి.

అటువంటి వూళ్ళో, యీ ఏడు సంక్రాంతి వెళ్ళింది మొదలు చైత్రమాసం దాకా, ఆదివారం ఆదివారం బస్సెక్కి వెళ్ళి నేనొక విమానం కట్టి వచ్చాను. మనిషి ఎక్కే విమానం కాదు లెండి. ఫోముతో చేసిన గ్లైడరు. ఇంజను లేదు, ప్రొపెల్లరు లేదు. ఈ రెక్క కొన నుంచి ఆ రెక్క కొనకు మీటరు పొడవు. నేల మీద నిలబడి రేడియోతో నడపాలి. పెట్టెలో విడి భాగాలుగా వస్తుంది. కూర్చుకోవడం మన పని. నలభై అయిదేండ్ల తెలుగు లెక్చరరుకు యీ పని యెందుకు వచ్చిందో చెబుతాను.

సంక్రాంతికి చెల్లెలి యింటికి వెళ్ళాను. మేనల్లుడు ఏడో తరగతి. మిద్దె మీద గాలిపటం ఎగరేస్తున్నాడు. వాళ్ళ మాటలో పతంగి. దారం తెగింది. పతంగి వూగుతూ వూగుతూ పొలాల మీదుగా పోయి కనబడకుండా పోయింది. వాడు చేతిలోని చరఖా చుట్టుకొంటూ అడిగాడు:

"మామా, దారం తెగితే పతంగి పోతది గదా. విమానానికైతే దారమే లేదు. మరి అదెట్ల వాపసు వస్తది?"

వాడి తండ్రి కువైటుకు పోయి మూడేండ్లు దాటింది. వాడు పతంగిని గురించే అడిగాడో, మరి దేనిని గురించి అడిగాడో నాకు తెలియలేదు. అలంకార శాస్త్రంలో దీనికి సమాధానం లేదు. నిజామాబాదు తిరిగి వచ్చి మా కాలేజీ ఫిజిక్సు లెక్చరరును అడిగాను. "చెబితే అర్థం కాదు సార్, కట్టి చూడండి" అని ఆయన కిట్టు తెప్పించే దారి చూపించాడు. నేను విద్యార్థిగా వున్నప్పుడు ఎన్.సి.సి. వైమానిక విభాగం కుర్రవాళ్ళు బాల్సా చెక్కతో నమూనా విమానాలు కట్టడం చూసి నోరూరేది. అప్పుడు డబ్బు లేదు. ఇప్పుడు వంక దొరికింది.

నిజామాబాదు నుంచి ఏర్గట్లకు బస్సులో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. మా జిల్లాకు రెండు ముఖాలు. పడమట బోధన్ వైపుది చెరుకు ముఖం. అక్కడ 1930ల చివర వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఎన్నో తరాలకు అన్నం పెట్టి, 2015 డిసెంబరులో మూతపడింది. తూర్పున ఆర్మూరు, బాల్కొండ వైపుది పసుపు ముఖం. బస్సు అటువైపు పోతుంటే అంకాపూర్‌లో నాటుకోడి కూర కోసం ఆగిన కార్లు కనబడతవి. ఆర్మూరులో నవనాథ సిద్ధుల గుట్ట. ఎవరో తీరికగా ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు బండరాళ్ళు. ఆ తరువాత హైదరాబాదు - నాగపూరు రహదారిని దాటి మోర్తాడ్ చేరి, అక్కడ గోదావరి దిక్కుకు మళ్ళితే ఏర్గట్ల. 2016 అక్టోబరులో మండలాలు తిరగ గీసినప్పుడు మోర్తాడ్ నుంచి విడివడి తానే మండల కేంద్రం అయింది. ఏరూ, గట్టూ కలిసి యీ పేరు పుట్టిందని తెలుగు మాష్టరుకు తోచడం సహజం. తోచిందల్లా నిజం కానక్కర లేదు. అయితే ఏరు మాత్రం దూరాన లేదు. తడ్‌పాకల్ దగ్గర గోదావరి పారుతున్నది. ఎగువన పోచంపాడు ఆనకట్ట. 1963 జులై 26న నెహ్రూ గారు పునాదిరాయి వేసినది.

నేను వెళ్ళిన ఆదివారాలన్నీ పసుపు రోజులు. తొమ్మిది నెలల పంట నేల నుంచి బయటికి వచ్చే కాలం. కొమ్ములూ మండా వేరు చేసి, ఆవిరి మీద వుడికించి, కల్లంలో పరచి పది పదిహేను రోజులు ఎండబెడతారు. బస్సు దిగేసరికే ఆ వాసన ముక్కుకు తగులుతుంది. చూడడానికి బంగారం పరిచినట్టే వుంటుంది గాని, ధర పడిపోయిన ఏడు ఆ బంగారం రైతు అప్పుకు సరిపోదు. 2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు స్థానానికి 185 మంది నిలబడ్డారు. వారిలో నూట డెబ్భైకి పైగా రైతులే. గెలవడానికి కాదు, గోడు వినిపించడానికి. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రంగా మొదలయింది. మా బావ మాత్రం అంతకు ముందే విమానం ఎక్కాడు. ఎకరంన్నర పసుపు, రెండు ఎండిన బోర్లు. యింతకన్న కారణం చెప్పనక్కర లేదు.

కిట్టు పెట్టె విప్పిన రోజున చెల్లెలు తొంగి చూసి, "అన్నా, ఈ పైసలతోని వానికి రెండు జతల బట్టలు వచ్చేటియి" అన్నది. నిజమే. లోపల రెండు రెక్కలు, రెండు చెక్కలుగా శరీరం, తోక అడ్డరెక్క, నిలువు రెక్క, రెక్కలోకి దూర్చే సన్నని కార్బను కడ్డీ, రెండు సర్వోలు, ఒక రిసీవరు, చేతిలో పట్టుకొనే ట్రాన్స్‌మిటరు వున్నవి. కరెంటుకు ఒక్కొక్కటి 1.2 వోల్టుల రీచార్జి సెల్లులు నాలుగు. నిలువు రెక్క మాత్రం దారిలోనే విరిగి రెండు ముక్కలయింది.

పెట్టెలోని వస్తువు విరిగిందని వూరుకుంటామా? టీవీ వచ్చిన అట్టపెట్టెలోని థర్మోకోలు తీసి, కత్తితో అదే ఆకారం కోశాను. వేళ్ళను కూడా క్షణంలో అంటించే జిగురు నాలుగు చుక్కలు వేశాను. చూస్తుండగానే సన్నగా పొగలాగా వచ్చి, చుక్క పడిన చోటల్లా థర్మోకోలు కరిగి గుంటలు పడిపోయింది. కిట్టులోని ఫోము ఆ జిగురును ఓర్చుకొంటుంది గాని థర్మోకోలు ఓర్చదట. ఇరవై ఏండ్లుగా మనుచరిత్ర చెబుతున్నాను. సిద్ధుడిచ్చిన పాదలేపం మంచుకు కరిగి, ప్రవరుడు హిమాలయం మీద చిక్కుబడిన కథ పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. ఎగిరే పనిలో లేపనం సంగతి ముందుగా చూసుకోవాలన్న నీతి నాకు మాత్రం ఆ రోజున తలకెక్కింది. మళ్ళీ కోసి, తెల్ల జిగురు రాసి, ఒక రాత్రంతా ఆరబెట్టాము.

ఇక రేడియో సంగతి. ట్రాన్స్‌మిటరు పంపే తరంగం సెకనుకు 240 కోట్ల సార్లు కంపిస్తుంది. చేతిలోని పుల్లను కదిపితే ఆ కబురు గాలిలో పోయి రిసీవరుకు అందుతుంది. రిసీవరు దానిని సన్నని విద్యుత్తు తట్టుగా మార్చి సర్వోకు యిస్తుంది. తట్టు ఒక మిల్లీసెకను వుంటే సర్వో చేయి ఒక కొసకు, రెండు మిల్లీసెకనులుంటే రెండో కొసకు తిరుగుతుంది. ఒక సర్వో రడ్డరును, అంటే పడవ చుక్కాని వంటి దానిని, లాగుతుంది. రెండోది ఎలివేటరును లేపుతుంది, దించుతుంది. 1898లోనే నికోలా టెస్లా న్యూయార్కులో చిన్న పడవను యిట్లా తీగ లేకుండా నడిపి జనాన్ని నివ్వెరపరిచాడు. మా మేనల్లుడు మొదటిసారి పుల్ల కదిపి, నాలుగు గజాల దూరాన తోక కదలడం చూసి నివ్వెరపడలేదు. "దారం లోపల ఉన్నది" అన్నాడు. అంతే.

అన్నిటికంటె ముఖ్యమైన పని తూకం. రెక్క వెడల్పును మూడు భాగాలు చేసి, ముందు అంచు నుంచి ఒక భాగం విడిచిన చోట రెండు వేళ్ళు ఆనించి విమానాన్ని ఎత్తి పట్టుకోవాలి. అది ముక్కు వాల్చకుండా, తోక వాల్చకుండా నిలబడాలి. మాది తోక వాల్చింది. విరిగిన చోట మేము రాసిన జిగురు బరువే యిందుకు కారణం. తోక పొడవు గనుక అక్కడ ఒక గ్రాము పెరిగితే ముక్కులో మూడు నాలుగు గ్రాములు వేయవలసి వస్తుంది. మేనల్లుడు చెరువు దాకా పరుగెత్తి, చేపలు పట్టేవారిని అడిగి వలకు కట్టే సీసపు గుండ్లు పట్టుకొచ్చాడు. నాలుగు గుండ్లతో విమానం సమంగా నిలిచింది. కిరాణా కొట్టు కాంటా మీద పెడితే 238 గ్రాములు. 2021 నాటి డ్రోన్ నియమాలలో 250 గ్రాముల దాకా బరువు గలవి అన్నిటికన్న చిన్న తరగతి. నడిపేవాడికి లైసెన్సు అక్కర లేదు. కొట్టాయన కాంటా మీది విమానాన్ని చూసి, "సారూ, కిలో ఎంత?" అన్నాడు.

పసుపు ఎత్తివేసిన కల్లంలో మొదట చేతితో విసిరి చూశాము. గ్లైడరు ఎగరడమంటే నిజానికి పడడమే. అయితే నిట్టనిలువుగా పడదు, ముందుకు పడుతుంది. మాది మీటరు దిగితే ఎనిమిది మీటర్లు ముందుకు పోయేది. ఆ పోకడలో రెక్క కింద గాలి దానిని మోస్తుంది. రెక్కలు రెండూ చివరలు పైకి లేచి వుండడంలోనూ మర్మం వున్నది. ఒక పక్కకు ఒరిగితే ఒరిగిన రెక్క ఎక్కువ గాలిని అందుకొని తనంతట తానే లేచి సర్దుకొంటుంది.

కల్లం తరువాత చెరువు కట్ట ఎక్కాము. జర్మనీలో ఓటో లిలియెంతాల్ అనే ఇంజనీరు మనిషి ఎగరగల గ్లైడర్లు కట్టి, 1891 నుంచి అయిదేండ్లలో దాదాపు 2000 సార్లు గాలిలో జారాడు. గాలి ఎటు నుంచి వీచినా దూకడానికి వీలుగా 1894లో బెర్లిను దగ్గర 15 మీటర్ల మట్టిదిబ్బ పోయించుకొన్నాడు. 1896 ఆగస్టులో గ్లైడరు కూలి మరణించాడు. ఆయన లెక్కలు చదివిన రైటు సోదరులు కూడా ముందు గ్లైడర్లతోనే జారడం నేర్చుకొన్నారు. 1903 డిసెంబరు 17న గాని ఇంజను జోలికి పోయి ఎగరలేదు. లిలియెంతాల్ దిబ్బ డబ్బు పెట్టి పోయించుకోవలసి వచ్చింది. మన పల్లెలలో ఆ ఖర్చు లేదు. ఎప్పటి పెద్దలో చెరువు కట్ట పోసి పెట్టారు.

ఇంకా ఎత్తు కావాలంటే పతంగి ఉపాయమే. విమానం పొట్ట కింద వెనక్కు వంగిన చిన్న కొక్కెం. దానికి ముప్ఫై మీటర్ల మామూలు దారం, చివర వుంగరం. మాంజా వద్దని ముందే చెప్పాను. ఒకరు దారం పట్టుకొని గాలికి ఎదురు పరుగెత్తితే గ్లైడరు పతంగి లాగానే పైకి లేస్తుంది. పై కొసకు వెళ్ళాక పరుగు ఆపితే దారం వదులై వుంగరం దానంతట అదే జారిపోతుంది. పతంగి దారం తెగితే పోతుంది. ఇది దారం వదిలాకనే ఎగురుతుంది. ఇరవై అయిదు మీటర్ల ఎత్తు నుంచి రెండు వందల మీటర్లు జారుతుంది. సుమారు అర నిమిషం. అర నిమిషమంటే తక్కువ అనుకోకండి. పుల్ల చేతిలో వుంటే తెలుస్తుంది.

పుల్ల నా చేతిలోనే వుండేది. పెద్దవాణ్ణి గదా! గుడ్ ఫ్రైడేకు ముందటి ఆదివారం అది తెగ బాగా ఎగిరింది. గర్వం కొద్దీ దానిని నా వైపుకు తిప్పాను. ఇక్కడొక చిక్కున్నది. విమానం మననుంచి దూరంగా పోతున్నంత సేపూ దాని కుడి మన కుడి. మన వైపు మళ్ళిందా, అంతా తారుమారు. అది కట్ట మీది వేపచెట్టు వైపు వాలుతున్నది. నేను కుడికి తిప్పబోయి ఇంకా చెట్టు వైపే తిప్పాను. కొమ్మకు తగిలి రెక్క మధ్యకు విరిగింది.

వాడు ఏడవలేదు. ముక్కలు ఏరుకొచ్చి కట్ట మీద పెట్టి, "మామా, శుక్రవారం చూపిస్తనని బాపుకు చెప్పిన" అన్నాడు.

బావకు శుక్రవారమే సెలవు. ఆ రోజునే వీడియో కాలు. గుడ్ ఫ్రైడే గనుక మా కాలేజీకీ సెలవు. ఆ సంగతంతా వాడు నాతో చెప్పకుండా లెక్క వేసుకొన్నాడు. పిల్లవాడి మాట మీద మూడేండ్లుగా కనబడని మనిషి అక్కడ కూర్చుని చూస్తానన్నాడు. నేను వేపచెట్టుకు కొట్టాను.

మా ఫిజిక్సు మిత్రుడికి ఫోను చేశాను. ఆయన రెండు మాటలు చెప్పాడు. ఒకటి, విరిగిన చోట వెదురు పుల్ల దూర్చి అతికించి పైన నారల టేపు చుట్టమని. రెండు, "మన వైపు వస్తున్నప్పుడు ఎడమ కుడి ఆలోచించకండి. ఏ రెక్క వాలితే పుల్ల ఆ వైపే తొయ్యండి, ఆ రెక్కకు ఆసరా పెట్టినట్టు." నా బుర్రకు యీ రెండో మాట పట్టడానికి వారం సరిపోదని నాకు తెలుసు. మేనల్లుడికి మాత్రం ఒక్క రోజు పట్టింది. చెల్లెలు తరువాత చెప్పింది: వాడు బడి నుంచి వచ్చి, అరచేతిని విమానంలాగా ముందు పట్టుకొని, వాలిన వైపు వాలిన వైపు అనుకొంటూ యిల్లంతా తిరిగాడట.

గురువారం రాత్రి బస్సులో వెళ్ళాను. వసారాలో దీపం కింద రెక్క అతికించాము. టేపు బరువు కోసం మళ్ళీ తూచి మరో గుండు వేశాము. పడుకోబోయే ముందు వాడితో చెప్పాను: "రేపు నువ్వే నడుపు."

"పడితే?"

"పడితే నేను అతికిస్తాను. నాకు వచ్చిన పని అది."

శుక్రవారం సాయంత్రం అయిదు గంటలకు కట్ట మీదికి వెళ్ళాము. అక్కడ మధ్యాహ్నం రెండున్నర. చెల్లెలు ఫోను పట్టుకొన్నది. అందులో బావ ముఖం. వెనుక రెండంతస్తుల మంచాలు. చెరువు సగం ఎండి పగుళ్ళు దేరిన నల్లమట్టి కనబడుతున్నది. నేను దారం పట్టుకొని కట్ట మీద పరుగెత్తాను. ఈ వయసులో అదొక్కటే నాకు మిగిలిన పాత్ర. విమానం లేచింది. వుంగరం జారింది. దారం వచ్చి నా భుజాల మీద పడింది.

వాడు కళ్ళు పైకి పెట్టి మెల్లగా అన్నాడు: "మామా, గద్ద తిరుగుతున్న కాడికి తిప్పుదునా?"

ఎండిన చెరువు మీద ఒక గద్ద రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతున్నది. కాగిన నల్లమట్టి మీద వేడిగాలి లేస్తుంది. గద్దలకు ఆ దారి తెలుసు. తిప్పమన్నాను. అర నిమిషంలో దిగవలసిన విమానం దిగలేదు. నిమిషం అయింది. నిమిషంన్నర అయింది. గద్ద ఒక చుట్టు, మా 238 గ్రాములు, కాదు, ఆ రోజున 250కి అటూ యిటూ, ఒక చుట్టు. తరువాత వాడు దానిని మా వైపు మళ్ళించాడు. ఎడమ రెక్క వాలింది. వాడి వేలు ఎడమకే పోయింది. రెక్క లేచింది. వేపచెట్టును దూరంగా తప్పించి, మాకు ఇరవై అడుగులలో ఎండుగడ్డి మీద పొట్ట ఆనించి ఆగింది.

"బాపూ, చూసినవా? వాపసు వచ్చింది!"

ఫోనులో కొంచెంసేపు మాట లేదు. తరువాత, "చూసిన బిడ్డా" అన్నాడు మా బావ. ఇంకొంచెంసేపు వూరుకొని, "చెరువుల నీళ్ళు గింతేనా?" అని చెల్లెల్ని అడిగాడు. "ఎండకాలం గదా" అన్నది చెల్లెలు. "ఫోను అటు తిప్పు" అన్నాడు. చెల్లెలు చెరువు వైపు, పొలాల వైపు, వూరి వైపు మెల్లగా తిప్పింది. విమానం మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. దసరాకు వస్తానని మాత్రం అన్నాడు.

చీకటి పడ్డాక వాడు నన్ను బస్సు దాకా సాగనంపాడు. దారిలో అడిగాను: "దారం లేకుండా ఎట్లా తిరిగి వస్తుందో యిప్పుడు తెలిసిందా?"

వాడు కొంత ఆలోచించి చెప్పాడు:

"చూస్తనే ఉండాలె మామా. కంటికి ఆననంత దూరం పోనియ్యద్దు."